క్యాంపులో మోగిన నా గొంతు

ఒక మనిషిని పదిమంది చుట్టుముట్టి కొడుతుంటే తడి గోనెసంచిని బండకేసి బాదినట్టు చప్పుడు వస్తుంది. మధ్యమధ్యలో ఆ మనిషి మూలుగు వినిపిస్తుంది. కాసేపటికి అది కూడా ఆగిపోతుంది. బహ్రెయిన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనా చప్పుడు విన్నాను. కొట్టినవాళ్ళలో నేను లేను. కానీ వాళ్ళు కొట్టింది నా మాట మీద. అదెలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఊళ్ళో గల్ఫ్ మొత్తాన్నీ దుబాయి అనే అంటారు. నేను బహ్రెయిన్ వచ్చి పదిహేనేళ్ళు దాటినా, మా అమ్మ లెక్కలో నేను దుబాయిలోనే ఉన్నాను. మొదట కూరగాయల బండి నడిపాను, తర్వాత ఒక దుకాణం వ్యాను. జిదాఫ్స్ మార్కెట్ వెనక ఒక గదిలో మరో ముగ్గురితో కలిసి ఉండేవాణ్ణి. ఆ తర్వాత రిఫాలో ఉండే ఒక ఇంగ్లీషాయన దగ్గర డ్రైవరుగా కుదిరాను. ఆయన లండన్‌లోని ఒక పెద్ద ఛానల్‌కు ఇక్కడి నుంచి వార్తలు పంపేవారు. నేను ఆయనను సార్ అని పిలిచేవాణ్ణి. ఇక్కడా అలాగే రాస్తాను.

సార్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. ఎండకు మెడ ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది. భుజాన ఒక గుడ్డసంచి, అందులో చిన్న రికార్డరు, రెండు నోటు పుస్తకాలు. ఇంగ్లండులో ఉత్తరాన ఒక ఊళ్ళో పాతికేళ్ళు దినపత్రికలో పనిచేశారట. ప్రకటనలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాక ఆ పత్రిక సగం మందిని తీసేసింది. కొన్నాళ్ళకు ఆఫీసు అమ్మేసింది, ఆ తర్వాత మూతపడింది. ఆ ఊరి కోర్టులో ఇప్పుడు విలేకరి కుర్చీ ఖాళీగా ఉంటోందని, ఎవరికి ఏ శిక్ష పడిందో ఊరికి తెలియదని ఒకసారి కారులో చెప్పారు. చావు కబురు చెప్పినట్టు చెప్పారు.

నేను బండి నడపడంతో పాటు సార్‌కు మాటలు కూడా తిప్పి చెప్పేవాణ్ణి. కూలీలుండే క్యాంపులకు వెళ్ళినప్పుడు తెలుగు, హిందీ, ఉర్దూ ఆయనకు నా ద్వారానే అందేవి. నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది, కానీ ఆయనకు అలవాటైంది. ఎవరు ఏం చెప్పినా సార్ ఒకటే అడిగించేవారు: నువ్వు కళ్ళారా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా? మొదట్లో నాకది చిరాకుగా ఉండేది. ఏడుస్తున్నవాణ్ణి పట్టుకుని మూడోసారి అదే ప్రశ్న వెయ్యడానికి నాకు నోరు వచ్చేది కాదు. వెయ్యమనేవారు.

నేను చేరిన రోజుల్లో ఆయనకు ఒక కెమెరామన్ ఉండేవాడు, నెలజీతం ఉండేది. రెండేళ్ళలో కెమెరామన్‌ను తీసేశారు. ఇంకో ఏడాదికి జీతం పోయింది. ఇక పంపిన వార్త వాడుకుంటేనే డబ్బు. లండన్‌లో ఒకే గదిలో నలభై మంది కూర్చునే చోట పదిహేను మంది మిగిలారని, వాళ్ళే టీవీకి, రేడియోకి, ఫోన్‌కి అన్నిటికీ పనిచేస్తున్నారని చెప్పేవారు. అక్కడ జనం ఏడాదికోసారి ఆ ఛానల్ కోసం డబ్బు కట్టాలట. చూడని ఛానల్‌కు మేమెందుకు కట్టాలని సగం దేశం గొడవ పెడుతోందట. ఒక పార్టీ వాళ్ళు మీరు అవతలి పార్టీ మనుషులంటారు, ఆ పార్టీ వాళ్ళు కాదు మీరు ఇవతలి మనుషులంటారు. ఒకప్పుడు ఆయనతో పత్రికలో పనిచేసిన ఒకావిడ ఇంగ్లండులోనే ఒక ఊరేగింపు గురించి రాయడానికి వెళితే, అబద్ధాలకోరు అని అరుస్తూ కిందపడేసి తన్నారట. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆవిడ ఫొటో సార్ ఫోన్‌లో చూశాను. కన్ను వాచి మూసుకుపోయి ఉంది. సార్‌కు కూడా ఫోన్‌లో బెదిరింపులు వచ్చేవి. వేళ్ళు నరికేస్తామని ఒకడు, ఇల్లు తెలుసని ఒకడు. చదివి పక్కన పెట్టేవారు. రిఫాలో ఫ్లాటు తలుపుకు మాత్రం రెండో గడియ వేయించుకున్నారు. దాన్ని బిగించింది నేనే.

ఇక ఆ వారం సంగతి.

మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు సీఫ్‌లో ఒక ఎత్తైన భవనం మీద నుంచి ఒకతను పడిపోయాడని మా మండలం వాడొకడు ఫోన్ చేశాడు. చనిపోయినతనిది కూడా మా వైపే, కోరుట్ల దగ్గర ఊరు. సార్‌కు చెప్పాను, ఇరవై నిమిషాల్లో అక్కడున్నాం. శరీరాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. ఇటుకలు పరిచిన కాలిబాట మీద రక్తం బాగా పాకి ఉంది. ఒకతను పైపుతో నీళ్ళు కొడుతుంటే రక్తం ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో కాలువలోకి పోతోంది. ఇటుకల సందుల్లో ఇరుక్కున్నది మాత్రం పోవడం లేదు. ఒక బూటు అలాగే పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు.

భవనం బయటి గోడల మీద పనిచేయడానికి పై నుంచి తాళ్ళతో వేలాడే ఇనుప ఉయ్యాల ఒకటి ఉంటుంది. అతనితో పాటు అందులో ఇంకా ఇద్దరున్నారు. ఇద్దరూ తెలుగువాళ్ళే. సార్ వాళ్ళను విడివిడిగా మాట్లాడించారు. పెద్దతనికి నలభై అయిదేళ్ళుంటాయి, ధర్మపురి వైపు వాడు. చేజారిన డ్రిల్లు ఉయ్యాల అంచున తట్టుకుని ఆగిందని, దాన్ని అందుకోవడానికి కుర్రవాడు నడుముకున్న బెల్టు కొక్కెం తీసి వంగాడని, గాలికి ఉయ్యాల ఊగిందని చెప్పాడు. రెండో అతను కూడా అదే చెప్పాడు. ఫోర్‌మన్ ఎక్కడున్నాడని సార్ అడిగించారు. కింద గేటు దగ్గర లారీ సామాను దింపించుకుంటున్నాడని ఇద్దరూ అన్నారు. పొద్దుటి నుంచి యల్లా యల్లా, తొందరగా కానివ్వండి అని తరుముతున్నాడని కూడా అన్నారు.

ఆ ఫోర్‌మన్ కోనసీమ మనిషి. మేం వెళ్ళేసరికి గేటు పక్కన ఇసుక బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. నేను మాత్రం అతణ్ణి మరిచిపోలేదు. అంతకు రెండేళ్ళ ముందు మా అక్క భర్త అతని కింద పనిచేసేవాడు. ఏదో మాటకు మాట చెప్పాడని మా బావను అందరి ముందూ చెంప మీద కొట్టాడు. బావ ఆ ఏడాదే ఇంటికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు.

సార్ అడిగినదానికి ఫోర్‌మన్ తల ఎత్తకుండా జవాబిచ్చాడు.

"నేను కిందే ఉన్నానండి. పొద్దుట్నుంచీ తొందర పెట్టిన మాట మాత్రం నిజం. రాసుకోమనండి."

నేనే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. సార్ రాసుకున్నారు. ఆ సాయంత్రం కారులోనే కూర్చుని వార్త పూర్తి చేసి పంపారు. చిన్న వార్త. ఎవరు, ఎక్కడ, ఎలా, ఎవరు చూశారు, తొందర పెట్టిన సంగతి, అన్నీ ఉన్నాయి. లండన్ నుంచి గంట తర్వాత జవాబు వచ్చింది, ఈ రోజు చోటు లేదని. బుధవారం మళ్ళీ అడిగారు. ఈ ప్రాంతం వార్తలు చూసే ఆవిడ నెల కిందటే ఉద్యోగం వదిలేసిందని, ఆ కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదని తెలిసింది. బ్రిటన్‌తో ఏమైనా సంబంధం ఉంటే చెప్పండి అని ఎవరో రాశారు. గురువారం సార్ అడగడం మానేశారు. స్టీరింగ్ పక్కన కాఫీ కప్పు పెట్టే చోట ఫోన్ పడేసి, ఇంటికి పోనివ్వమన్నారు.

శుక్రవారం పొద్దున నేను జిదాఫ్స్ గదిలో గడ్డం గీసుకుంటుండగా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. మూలన ఎర్రటి ఛానల్ ముద్ర. మా సార్ ఛానలే. రోజూ చూసే వార్తల ఆవిడ, అదే గొంతు. కింద హిందీలో అక్షరాలు. బహ్రెయిన్‌లో భారతీయ కూలీని ఫోర్‌మన్ భవనం మీది నుంచి నెట్టి చంపాడని, నెట్టేస్తున్న దృశ్యం ఛానల్‌కు దొరికిందని ఆమె చెబుతోంది. మసకమసకగా ఎవరో ఎవరినో నెడుతున్న బొమ్మ ఒకటి, ఆ తర్వాత ఫోర్‌మన్ ఫొటో. పుట్టినరోజు కేకు ముందు నవ్వుతూ దిగిన ఫొటో అది.

ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. అతను కింద ఉన్నాడని ఇద్దరు సాక్షులు చెప్పిన మాట నా నోటితోనే ఇంగ్లీషులోకి మారింది. అయినా ఆ ఎర్రముద్ర చూడగానే నా బుద్ధి పక్కకు పోయింది. మా నాన్న బీడీల కార్ఖానాలో గుమాస్తా. లండన్ రేడియోలో హిందీ వార్తలు వినందే అన్నం ముట్టేవాడు కాదు. లండన్ చెప్పిందంటే అయినట్టే అనేవాడు. నేను ఆ మాట మీద పెరిగాను. సార్‌కు దొరకనిది ఏదో లండన్‌కు దొరికి ఉంటుందని అనుకున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా బావ చెంప నాకు గుర్తొచ్చింది. ఆ వార్త నిజం కావాలని నాకు ఉండింది.

చనిపోయినతను ఉండే క్యాంపులో మా వైపు వాళ్ళ ఫోన్ గ్రూపు ఒకటి ఉంది. వీడియో దాంట్లో పెట్టాను. అప్పటికే ఎవరో పెట్టారు, ఇది నిజమేనా అని కొందరు అడుగుతున్నారు. నేను సబ్బు నురుగు మొహంతోనే గొంతు రికార్డు చేసి పంపాను.

"అన్నా, గిది లండన్ ఛానల్‌ల వచ్చింది. నేను గా ఛానల్ సార్ దగ్గర్నే పని చేస్త. పక్కా. గా ఫోర్‌మన్‌గాడే నూకిండు."

పదకొండు దాటాక రిఫా వెళ్ళి సార్‌ను ఎక్కించుకున్నాను. మీ వార్త చివరికి వేశారు సార్ అని సంతోషంగా వీడియో చూపించాను. సార్ ఒకసారి చూశారు. మళ్ళీ చూశారు. మూడోసారి గొంతు ఆపేసి పెదాలు మాత్రం చూశారు. ఇది మాది కాదన్నారు. ఆమె వెనక కనిపిస్తున్న స్టూడియోను ఖర్చు తగ్గించడానికి ఏడాది కిందటే మూసేశారట. ఆ గొంతూ, ఆ మొహమూ కంప్యూటరుతో తయారు చేసినవన్నారు. ఎంతమంది చూస్తే అంత డబ్బు కనుక ఎక్కడో ఎవడో కూర్చుని ఇలాంటివి రోజుకు పది చేస్తాడని, ఇలాంటివాటిని పట్టుకునే బృందం లండన్‌లో ఉండేదని, అందులో ఇప్పుడు ఇద్దరే మిగిలారని చెప్పారు.

తర్వాత నా వైపు తిరిగి, ఇది ఇంకా ఎవరెవరికి చేరిందని అడిగారు. నాకు తెలియదన్నాను. అది నేను ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. రికార్డు చేసింది తీసేద్దామని చూస్తే అప్పటికే చాలామంది విన్నారు, బయటికి పంపుకున్నారు కూడా. గ్రూపులో ఎవరో రాశారు, ఫోర్‌మన్ క్యాంపులో తన గదిలోనే ఉన్నాడని. ఆ మాట మాత్రం సార్‌కు చెప్పాను.

క్యాంపుకు పోదామన్నారు సార్. నేను బండిని ఎంత వేగంగా నడిపానో నాకే తెలియదు. దారంతా ఆయన లండన్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నారు. సెలవు రోజు, ఎవరూ దొరకడం లేదు. చివరికి ఒకమ్మాయి పలికింది. అది మీది కాదని వెంటనే ఒక్క ముక్క మీ పేజీలో పెట్టండి, ఇక్కడ మనుషులు చస్తారు అని సార్ చెప్పారు. ఒక ఫారం నింపి పంపమంది ఆ అమ్మాయి. పైవాళ్ళు చూడాలట.

క్యాంపు రిఫా దాటాక ఎడారి అంచున ఉంటుంది. రెండంతస్తుల రేకుల గదులు, మధ్యలో సిమెంటు వాకిలి, ఒక మూల నీళ్ళ ట్యాంకు. శుక్రవారం మధ్యాహ్నాల్లో అక్కడ కోడికూర వాసన వస్తుంది, తాడు మీద బట్టలు ఆరుతుంటాయి, ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకుంటుంటారు. ఆ రోజు గేటు దగ్గర కాపలా మనిషి లేడు. వాకిలి నిండా వీపులే. రెండు వందల మంది ఉంటారు. నేను మొదట చెప్పిన చప్పుడు అప్పుడే విన్నాను.

సందు చేసుకుని ముందుకు వెళ్ళాక కనిపించాడు. ఒంటి మీద బనియను, లుంగీ. బనియను ముందుభాగమంతా రక్తం. దవడ ఒక పక్కకు జరిగిపోయి నోరు మూతపడడం లేదు. ఎడమ కన్ను ఉండవలసిన చోట నల్లటి గడ్డ. పదిమంది దాకా చుట్టూ ఉన్నారు. చెప్పులు, కరెంటు తీగ, బకెట్టు, ఏది దొరికితే దానితో కొడుతున్నారు. చనిపోయినతని అన్న కూడా అక్కడే ఉన్నాడు. అదే క్యాంపులో ఉండేవాడతను. మరుసటి రోజు తమ్ముడి శవపేటికతో విమానం ఎక్కవలసినవాడు. అతని చేతిలో సెంట్రింగ్ పనికి వాడే ఇనుప రాడ్డు ఉంది. ప్రతి దెబ్బకూ "నా తమ్ముణ్ణి" అంటున్నాడు. ఇంకేమీ అనడం లేదు.

ఒకడు ఫోన్ పైకెత్తి పట్టుకుని పెద్ద గొంతుతో వినిపిస్తున్నాడు. అది నా గొంతు. "పక్కా. గా ఫోర్‌మన్‌గాడే నూకిండు." అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెడుతున్నాడు. ఆ గొంతు మీదే రాడ్డు లేస్తోంది, దిగుతోంది. సార్‌కు తెలుగు రాదు. కానీ ఏళ్ళ తరబడి పక్క సీట్లో నా గొంతు విన్న మనిషి. నా మొహంలోకి ఒక్కసారి చూశారు.

తర్వాత ఆయన సంచి నా చేతిలో పెట్టి గుంపులోకి వెళ్ళిపోయారు.

నేనూ వెళ్ళాను. అది అబద్ధం వీడియో, ఆపుండ్రి, ఆపుండ్రి అని అరిచాను. నా ముందున్నవాడు వెనక్కి తిరిగాడు. ఒకప్పుడు నా గదిలోనే ఉన్నవాడు, నా చేతి అన్నం తిన్నవాడు.

"పొద్దుగాల నువ్వే గద పక్కా అన్నవ్? ఇప్పుడు ఎంత ముట్టిందిరా నీకు?"

అని నా గొంతు పట్టుకున్నాడు. విడిపించుకుని రెండడుగులు వేసేసరికి రాడ్డు నా ఎడమ మోచేతి మీద పడింది. నా కోసం ఎత్తింది కాదు, అడ్డం వెళ్ళాను. ఎండు కట్టె విరిగినట్టు వినిపించింది. నొప్పి తర్వాత వచ్చింది. ముందు చెయ్యి నాది కానట్టు వేలాడింది. మోకాళ్ళ మీద కూలబడ్డాను. నా మీద నుంచి మనుషులు దాటుకుంటూ వెళ్ళారు. ఒకడి మడమ నా నోటికి తగిలి రెండు పళ్ళు ఊడి నాలుక కిందికి వచ్చాయి.

ఆ కాళ్ళ సందుల్లోంచి సార్ కనిపించారు. ఎవరో నెడితే నీళ్ళ ట్యాంకు దిమ్మెకు తల కొట్టుకుంది. లేచారు. మొహం మీద రక్తం కారుతుంటే కళ్ళు తుడుచుకుని, నేరుగా వెళ్ళి ఫోర్‌మన్ మీద బోర్లా పడుకున్నారు. తల్లి బిడ్డను కప్పినట్టు కప్పేశారు. మూడు నాలుగు దెబ్బలు ఆయన వీపు మీద పడ్డాయి. అంతలో ఎవరో గట్టిగా అన్నారు, గోరాయనను కొట్టకుండ్రి, అందరం జైలుకు పోతమని. చేతులు ఆగాయి. ఫోర్‌మన్ రక్తానికి ఆగని చేతులు తెల్లతోలుకు ఆగాయి. తర్వాత ఆసుపత్రిలో సార్ ఆ మాటే తలుచుకుని చాలాసేపు సిగ్గుపడ్డారు.

చేతులు ఆగాయి గానీ కోపం దిగలేదు. చనిపోయినతని అన్న రాడ్డు పట్టుకుని సార్ తల దగ్గరే నిలబడి ఉన్నాడు. అప్పుడు నేను రక్తం ఉమ్మేసి, ఉయ్యాలలో ఉన్న పెద్దాయన ఎక్కడని అరిచాను. ఆయన పై అంతస్తులో గడియ పెట్టుకుని కూర్చున్నాడట. అడ్డం వస్తే తననూ కొడతారని భయపడ్డాడట. తలుపు తెరుచుకుంది. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. జనం దారి ఇచ్చారు. ఆయన వెళ్ళి చనిపోయినతని అన్న ముందు నిలబడ్డాడు.

"నేను నీ తమ్ముని పక్కన్నే ఉన్న. చెయ్యి పట్టబోయిన, అంగీ అందింది, చినిగింది. గీయన కింద గేటుకాడ ఉన్నడు. నన్ను ఎవ్వలు అడగకపోతిరి."

జేబులోంచి ఒక గుడ్డపేలిక తీసి చూపించాడు. నీలం రంగు యూనిఫాం చొక్కా చేతి ముక్క. మంగళవారం నుంచి దాన్ని దాచుకున్నాడు. అన్న దాన్ని తీసుకుని చూసుకున్నాడు. రాడ్డు కింద పడింది. తర్వాత అతను నేల మీద కూర్చుని, ఫోర్‌మన్ మొహంకేసి చూస్తూ, ఏడవకుండా, రెండు చేతులతో తన తలను తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆపడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. పోలీసులు వచ్చింది ఆ తర్వాతే.

ఫోర్‌మన్ బతికాడు. దవడకు ప్లేటు వేశారు, కడుపులో రక్తం కారుతుంటే కోసి ఆపారు. ఎడమ కన్ను మాత్రం తీసేయవలసి వచ్చింది. ఎనిమిది మందిని అరెస్టు చేశారు, వాళ్ళలో చనిపోయినతని అన్న కూడా ఉన్నాడు. తమ్ముడి పెట్టె శనివారం విమానంలో ఒంటరిగా వెళ్ళింది. హైదరాబాదులో దాన్ని దింపుకోవడానికి వచ్చినవాళ్ళు అన్నెక్కడ అని క్యాంపుకు ఫోన్ చేసి అడిగారట.

ఆసుపత్రి వరండాలో సార్ తలకు కుట్లు వేయించుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. అది నీ గొంతేనా అని అడిగారు. అవునన్నాను. బావ చెంప సంగతి కూడా చెప్పాను. అంతలో ఫోన్ మోగింది. లండన్. మంగళవారం చోటు లేదన్న లండన్ ఇప్పుడు తానే పిలిచింది. క్యాంపులో కొట్లాట జరిగిందట కదా, దృశ్యాలు ఉన్నాయా, ఎంత తొందరగా పంపగలరు అని అడుగుతున్నారు. సార్ గొంతు పెంచలేదు.

"మంగళవారం మీకు నిజం పంపాను. అది ఇంకా మీ దగ్గరే ఉంది. ముందు దాన్ని వెయ్యండి."

ముందు అది వేస్తామనే అన్నారు. ఆయన కొట్లాట సంగతి కూడా రాసి పంపారు. వేసినప్పుడు మాత్రం కొట్లాట మాత్రమే మిగిలింది. ఎవరో ఫోన్‌లో తీసిన ముక్క, పైన రెండు మాటలు. ఉయ్యాలలోని ఇద్దరు సాక్షుల మాట లేదు, తొందర పెట్టిన సంగతి లేదు. సోమవారం వాళ్ళ పేజీలో అడుగున మూడు లైన్లు పెట్టారు, ఆ వీడియో మాది కాదని. ఆ క్యాంపులో దాన్ని చదివినవాడు ఒక్కడు కూడా లేడు. అది ఇంగ్లీషులో ఉంది.

నేను పోలీసుల దగ్గరికి నా అంతట నేనే వెళ్ళాను. ఆ గొంతు నాదని చెప్పాను. ఫోన్ తీసుకున్నారు, రెండు రోజులు ఉంచి అడిగారు. చేతి కట్టు చూసి కుర్చీ ఇచ్చారు. ఆపడానికి వెళ్ళాడని సార్ వచ్చి సాక్ష్యం చెప్పారు. మళ్ళీ ఇలాంటిది చేయనని రాయించుకుని వదిలేశారు. నా వరకు అది అంత తేలిగ్గా అయిపోవడం నాకే బాగా అనిపించలేదు. రాడ్డు పట్టినవాళ్ళు లోపల ఉన్నారు.

సార్ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. కానీ మూడు వారాలు టాక్సీలో తిరిగారు. ఆ తర్వాత ఒక పొద్దున ఫోన్ చేసి, చెయ్యి ఎలా ఉంది, బండి నడపగలవా అని అడిగారు. మళ్ళీ వెళ్ళాను. మునుపటిలా మాట్లాడుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ ఏడాది చివర్లో లండన్ నుంచి ఉత్తరం వచ్చింది, ఈ ప్రాంతంలో ఇక ఎవరినీ పెట్టుకోవడం లేదని. ఆయన సామాను పెట్టెల్లో సర్ది ఇంగ్లండుకు వెళ్ళిపోయారు. వాళ్ళ ఊళ్ళో ఇంకో ఇద్దరితో కలిసి కోర్టు వార్తలు, మునిసిపాలిటీ వార్తలు రాసి వారానికోసారి జనానికి పంపుతున్నారట. చదివేవాళ్ళు కొద్దిమందే. తిట్లు మాత్రం అక్కడా వస్తున్నాయట.

అంతకుముందే, ఫోర్‌మన్ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. దవడకు తీగ కట్టి ఉంది, మాట పళ్ళ సందుల్లోంచి వస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మంచం పక్కన నిలబడి ఉంటే ఆయనే అన్నాడు.

"మీ గొంతు నాకు తెలుసండి. కిందపడి ఉన్నప్పుడు విన్నాను."

తప్పయిందన్నాను. ఇంకేం అనగలను? ఆయన క్షమించాననలేదు, పొమ్మననూ లేదు. మా బావను కొట్టిన మాట చెప్పాను. గుర్తులేదన్నాడు. ఎంతోమందిని కొట్టాను కదండి అన్నాడు. తర్వాత ఒక పని అడిగాడు. వీడియో వాళ్ళ ఊరికీ చేరిందట. హంతకుడి ఇల్లని రాత్రిపూట రాళ్ళు వేశారట, భార్యకు నుదురు పగిలిందట, బడిలో కూతురి పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. అది అబద్ధమని ఆ గొంతుతోనే చెప్పి పంపమన్నాడు. అక్కడే నిలబడి చెప్పి పంపాను. మా గ్రూపులో పెట్టాను, ఆయన భార్యకు పంపాను. మొదటిది దేశాలు తిరిగింది. రెండోదాన్ని పట్టుమని పాతిక మంది కూడా వినలేదు.

అందుకే ఏడాది తిరిగాక సెలవు మీద వచ్చినప్పుడు మా ఊరికి పోకముందే కోనసీమకు వెళ్ళాను. కన్ను పోయాక ఊరికి తిరిగొచ్చేసిన ఫోర్‌మన్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. వాళ్ళ ఊరి టీ కొట్టు దగ్గర పదిహేను మంది దాకా కూడారు. నేనెవరో, ఏం చేశానో, క్యాంపులో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాను. మధ్యలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. చేపల చెరువులున్న ఒకాయన కడదాకా విని అడిగాడు.

"ఎవడో అంటే మేమూ నమ్మేవాళ్ళం కాదండి. లండన్ ఛానల్లో వచ్చిందని నమ్మాం. ఆ ఛానల్ మనిషి దగ్గరే ఉన్నారు కదా, మీరెందుకు నమ్మారు?"

"గీయన మీద నాకు కోపం ఉండె," అన్నాను. "ఛానల్ పేరు సాకు దొరికింది."

ఆయన ఫోర్‌మన్ వైపు చూశాడు. ఫోర్‌మన్ తల దించుకుని టీ గ్లాసు తిప్పుతున్నాడు. టీ కొట్టు యజమాని మా ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. అది నమ్మడమో, పరాయి ఊరివాడని మర్యాదో నాకు అర్థం కాలేదు. వాళ్ళింట్లో అన్నం తిన్నాను. ఆయన భార్య నుదుటి మీద మచ్చ ఉంది. ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పులుసు మాత్రం రెండోసారి వడ్డించింది.

మరునాడు పొద్దున నేను బయల్దేరుతుంటే ఫోర్‌మన్ చొక్కా వేసుకుని వీధిలోకి వచ్చాడు.

"మా అత్తారి ఊరు కూడా ఉందండి. అక్కడ ఇంకా ఎక్కువ నమ్మారు."

సంచి వాళ్ళ అరుగు మీద పెట్టేసి ఆయనతో పాటు ఆటో ఎక్కాను.